సార్ లేని గ్రూప్‌లో దాగిన చదువు: ఒక యూనివర్సిటీ కేస్ స్టడీ

యూనివర్సిటీ లైబ్రరీలో డిజిటల్ సేవలు చూసే ఉద్యోగం నాది. అంటే థీసిస్‌లు ఎక్కించడం, రిపాజిటరీ (యూనివర్సిటీ వాళ్ళ థీసిస్‌లు, పేపర్లు దాచే ఆన్‌లైన్ భాండారం) నడపడం, పాస్‌వర్డ్ మరిచిపోయిన ప్రొఫెసర్లకు మళ్ళీ లింక్ పంపడం, మధ్యలో తీరిక దొరికితే కాస్త ఆలోచించడం. పైవాళ్ళు మాకు అప్పజెప్పిన పని చిన్నదే: రిపాజిటరీలో ఫ్యాకల్టీ ఎందుకు ఏమీ పెట్టడం లేదో తేల్చండి, పెట్టేలా చేయండి. తేల్చడానికి కూర్చుంటే బయటపడింది వేరే సంగతి. అది ఉపయోగపడుతుందని వివరంగా రాస్తున్నాను. యూనివర్సిటీ పేరు, మనుషుల పేర్లు రాయడం లేదు. రాయాల్సిన అవసరమూ లేదు, ఏ క్యాంపస్‌లో చూసినా ఇదే కథ కాస్త అటూ ఇటూగా ఉంటుంది.

ముందు మా దగ్గరున్న సరంజామా సంగతి. రిపాజిటరీకి డీస్పేస్ వాడతాం. 2002లో ఎంఐటీ, హెచ్‌పీ కలిసి తయారుచేసి ఉచితంగా వదిలిన సాఫ్ట్‌వేర్ అది, ప్రపంచంలో చాలా యూనివర్సిటీలు దాని మీదే నడుస్తున్నాయి. పాఠాలకు మూడిల్ ఉంది. ప్రతి డిపార్ట్‌మెంట్‌కీ క్లౌడ్ డ్రైవ్ ఉంది, వీడియో మీటింగులకు లైసెన్స్ ఉంది. లేనిదంటూ లేదు. అయినా కమిటీ మినిట్స్ తిరగేస్తే ప్రతిసారీ ఒకటే వాక్యం, 'అవగాహనా కార్యక్రమాలు నిర్వహించాలి' అని. ఏం చేయాలో ఎవరికీ పాలుపోనప్పుడు కమిటీలకు మొదట గుర్తొచ్చే మాట అవగాహన. నిజానికి రిపాజిటరీ ఉందని అందరికీ తెలుసు. పెట్టకపోవడానికి వాళ్ళ కారణాలు వాళ్ళకున్నాయి, ఎవరూ అడగలేదు అంతే.

అందుకని వర్క్‌షాపులు పక్కన పెట్టి, డిపార్ట్‌మెంట్లకు వెళ్ళి కూర్చున్నాం. ఒక ప్రశ్న పుట్టిన దగ్గర్నుంచి దానికి జవాబు దొరికేదాకా అది ఎవరెవరి దగ్గరికి, ఏయే తెర మీదికి వెళ్తోందో వెంబడించడమే పని.

ఒక ఉదాహరణ చెబితే విషయం అర్థమవుతుంది. కెమిస్ట్రీ వైపు ఒక ల్యాబ్‌లో హెచ్‌పీఎల్‌సీ మెషిన్ ఉంది, ద్రావణంలో కలిసి ఉన్న పదార్థాలను విడదీసి కొలిచే మెషిన్. కొత్తగా చేరిన స్కాలర్ ఒకమ్మాయి, ముందు బ్యాచ్ వాళ్ళ థీసిస్ చూసి అందులో ఉన్నట్టే ఫాస్ఫేట్ బఫర్ (ఉప్పు కలిసిన నీటి ద్రావణం), ఎసిటోనైట్రైల్ అనే ఆర్గానిక్ ద్రావకం కలిపి శాంపిల్స్ నడిపింది. అంతా బాగానే జరిగింది. పని అయ్యాక కాలమ్, అంటే పదార్థాలు విడిపోయే గొట్టం, కడగాలి కదా అని నేరుగా ఉత్త ఎసిటోనైట్రైల్ పెట్టింది. కాసేపటికి ప్రెషర్ పైకి ఎక్కడం మొదలైంది. రిపాజిటరీలో వెతికిందా? లేదు. ల్యాబ్ వాళ్ళ వాట్సాప్ గ్రూప్‌లో పెట్టింది. "అన్నా, ప్రెషర్ ఎక్కేస్తోంది, ఆగట్లేదు, ఏం చేయాలి?" రెండు నిమిషాల్లో జవాబు వచ్చింది, ఎప్పుడో పీహెచ్‌డీ ముగించుకుని వెళ్ళిపోయిన సీనియర్ దగ్గర్నుంచి. "ముందు పంప్ ఆపు. బఫర్ వాడి డైరెక్ట్‌గా ఆర్గానిక్ పెట్టావా? ఉప్పు గడ్డకట్టి ఉంటుంది. బఫర్ లేకుండా 90 పాళ్ళు నీళ్ళు, 10 పాళ్ళు ఎసిటోనైట్రైల్ కలిపి చాలా తక్కువ ఫ్లోలో వదులు. ఉత్త నీళ్ళు మాత్రం పెట్టకు, సీ18 కాలమ్‌కి పడదు."

ఆ నాలుగు ముక్కలు లక్షల విలువైన మెషిన్‌ని కాపాడే ముక్కలు. థీసిస్‌లో ఉన్నది మాత్రం ఒకే లైను, ఏ బఫర్, ఎంత నిష్పత్తి, ఎంత ఫ్లో అని. కడగడం గురించి ఒక్క మాట లేదు. ఉండదు కూడా, థీసిస్‌లో అలాంటివి రాస్తే గైడ్ కొట్టేస్తారు, 'ఇవన్నీ ఎందుకమ్మా' అని. ఇంకో విశేషమేమిటంటే అదే ప్రశ్న, కాస్త వేరే మాటల్లో, అంతకుముందు కూడా ఆ గ్రూప్‌లో వచ్చింది. అప్పుడు జవాబు చెప్పింది ఇంకో సీనియర్. పైకి స్క్రోల్ చేసి చూసే ఓపిక ఎవరికుంటుంది?

ఇది కొత్త సంగతేం కాదు. హ్యారీ కాలిన్స్ అనే సామాజిక శాస్త్రవేత్త 1974లో అచ్చువేసిన పరిశోధనలో టీఈఏ లేజర్ (ఒక రకం గ్యాస్ లేజర్) తయారుచేయడానికి తంటాలు పడుతున్న ల్యాబులను పరిశీలించాడు. పేపర్లు మాత్రమే చదివి ఆ లేజర్‌ని పనిచేయించగలిగిన ల్యాబ్ ఆయనకు ఒక్కటీ కనబడలేదు. ముందే చేసిన వాళ్ళతో మాట్లాడిన వాళ్ళకే, వాళ్ళ దగ్గరికి వెళ్ళొచ్చిన వాళ్ళకే అది వెలిగింది. ఇంటర్నెట్ లేని రోజుల మాట ఇది. ఇప్పుడు ఆ మాట్లాడుకోవడం ఫోన్‌లోకి మారింది, అంతే తేడా. కాకపోతే ఫోన్‌లోకి మారడం వల్ల ఒక లాభం, ఒక నష్టం వచ్చాయి. వెళ్ళిపోయిన సీనియర్ కూడా ఎక్కడున్నా చేతికి అందుతున్నాడు, అది లాభం. ఆ గ్రూప్‌లో లేనివాడికి అసలు అలాంటి మాట ఒకటి జరిగిందనే తెలియదు, పక్క గదిలో అదే మెషిన్ ముందు అదే తంటా పడుతున్నా సరే.

పూర్తయిన చదువు విషయంలో డిజిటల్ చేసిన మేలు మాత్రం తక్కువ చేసి చెప్పలేం. 1991లో పాల్ గిన్స్‌పార్గ్ లాస్ అలమోస్‌లో మొదలుపెట్టిన ఆర్కైవ్ (arXiv) అనే ప్రీప్రింట్ సర్వర్ వల్ల, అంటే అచ్చుకు ముందే పేపర్లు పెట్టుకునే చోటు వల్ల, ఫిజిక్స్, గణితం వాళ్ళు జర్నల్ అచ్చయ్యేదాకా ఆగే అవసరం లేకుండా పోయింది. 2001లో ఎంఐటీ తన కోర్సుల సామగ్రి అందరికీ ఉచితంగా ఇస్తానని ప్రకటించింది. మా రిపాజిటరీలోని థీసిస్‌లు కూడా ఎక్కడెక్కడి వాళ్ళో దింపుకుంటున్నారు, లాగ్‌లో కనిపిస్తుంది. చిత్రమేమిటంటే మా పై అంతస్తులో ఉన్నవాళ్ళు దింపుకోవడం లేదు. దూరాన ఉన్నవాడికి థీసిస్ చేరుతోంది, పక్కనున్నవాడికి గ్రూప్ మెసేజ్ చేరుతోంది, ఈ రెంటికీ మధ్య దారి లేదు.

రెండు గ్రూపులు

డిపార్ట్‌మెంట్లలో తిరుగుతుంటే కనబడిన సంగతుల్లో నాకు అన్నిటికన్నా ముఖ్యం అనిపించింది ఇది. మేం చూసిన ల్యాబుల్లో చాలావాటికి రెండు వాట్సాప్ గ్రూపులున్నాయి. ఒకదాంట్లో సార్ ఉంటారు. అందులో మీటింగ్ టైమింగులు, సెమినార్ పోస్టర్లు, పేపర్ యాక్సెప్ట్ అయితే అభినందనలు, పండుగ శుభాకాంక్షలు. రెండోదాంట్లో సార్ ఉండరు. అసలు చదువంతా అక్కడే. ఏ కెమికల్ పాత బాటిల్‌ది నమ్మకూడదు, ఏ సాఫ్ట్‌వేర్ వెర్షన్‌తో డేటా తెరిస్తే కాలమ్స్ తారుమారు అవుతాయి, ఏ పేపర్‌లో చెప్పిన పద్ధతి ఎంత చేసినా రాదు, ఇలాంటివి. చివరిది చూడండి. 'ఫలానా పేపర్‌లో చెప్పింది మాకు రాలేదు' అన్న సమాచారం ఎంత విలువైనదో! అది జర్నళ్ళలో అచ్చు కావడం అరుదు, రిపాజిటరీల్లో దొరకడమూ అరుదే. ముగ్గురు స్కాలర్లు వరుసగా ఒకే గోడకు తల బాదుకోవడం మేమే చూశాం, వేరే వేరే ల్యాబుల్లో ఉండటం వల్ల ఒకరి సంగతి ఒకరికి తెలియక.

సార్ ఉన్న గ్రూప్‌లో ఎందుకు అడగరు అంటే, జవాబు అందరికీ తెలిసిందే. తెలివితక్కువ ప్రశ్న అడిగితే గైడ్ దృష్టిలో పడిపోతాం అన్న టెన్షన్. "సార్ గ్రూప్‌లో పెట్టకురా, ఇక్కడ అడుగు" అని సీనియర్లే చెబుతారు. ఇందులో గైడ్లను తిట్టాల్సిందేమీ లేదు. వాళ్ళు కూడా వాళ్ళ సమస్యలను డీన్ ఉన్న గ్రూప్‌లో పెట్టరు.

ఫ్యాకల్టీని కూర్చోబెట్టి అడిగితే వాళ్ళ కారణాలు వేరే. పేపర్ పీడీఎఫ్ పెడితే పబ్లిషర్ కాపీరైట్ కేసు వేస్తాడేమోనన్న భయం కొందరికి. చాలా జర్నళ్ళు ఆమోదం పొందిన మాన్యుస్క్రిప్ట్‌ని, అంటే వాళ్ళ లేఅవుట్ చేయని కాపీని, కొంత గడువు తర్వాత పెట్టుకోనిస్తాయి. ఆ తేడా చెప్పేవాళ్ళు లేక అసలు ఏదీ పెట్టడం లేదు. ఇంకొందరికి, డేటా ముందే బయటపెడితే వేరేవాళ్ళు దాంతో పేపర్ రాసేస్తారన్న భయం. దీన్ని అపోహ అని కొట్టిపారేయలేను, పోటీ అలాగే ఉంది. పాఠాల నోట్స్ ఎందుకు పెట్టరంటే ఒక ప్రొఫెసర్ సూటిగా చెప్పారు: "నా ప్రమోషన్ ఫారంలో దానికి ఒక్క పాయింట్ ఉందా చూపించండి, రేపే పెడతాను." లేదు. మేం ఏం చూపిస్తాం!

మూడో రకం సమస్య మనుషులది కూడా కాదు, అకౌంట్లది. స్కాలర్ చదువు అయిపోయి వెళ్ళిపోగానే కొన్నాళ్ళకు యూనివర్సిటీ ఈమెయిల్ ఆపేస్తారు. దాంతోపాటు ఆ అకౌంట్‌లో ఉన్న ఫోల్డర్లూ పోతాయి. ల్యాబ్ మొత్తం ఏళ్ళ తరబడి వాడుకున్న ఒక షీట్, ఏ శాంపిల్ ఏ ఫ్రీజర్‌లో ఏ అరలో ఉందో రాసుకున్న షీట్, ఒక ఉదయం తెరిస్తే 'యాక్సెస్ లేదు' అని వచ్చింది. అకౌంట్లు ఉదారంగా ఉంచే రోజులు కూడా పోయాయి. విద్యాసంస్థలకు ఇస్తున్న అపరిమిత స్టోరేజీని ఆపేసి, సంస్థ మొత్తానికి 100 టెరాబైట్లు అని గూగుల్ 2021లో ప్రకటించాక చాలా యూనివర్సిటీలు పాత అకౌంట్లను వెతికి మరీ తీసేయాల్సి వచ్చింది. ఎంత జాగా మిగిలిందని లెక్క చూస్తారు గానీ ఆ జాగాలో ఏముండేదో ఎవరూ చూడరు.

దీనికి తోడు పరిశోధన డేటా ఎంత త్వరగా మాయమవుతుందో లెక్కగట్టిన వాళ్ళున్నారు. జంతు, వృక్ష శాస్త్రాల పేపర్లను తీసుకుని వాటి రచయితలకు మెయిళ్ళు రాసి డేటా అడిగిన ఒక అధ్యయనం 2014లో వచ్చింది. పేపర్ వయసు ఒక్కో ఏడాది పెరిగేకొద్దీ డేటా ఇంకా ఉండే అవకాశానికీ లేకపోయే అవకాశానికీ ఉన్న నిష్పత్తి (ఆడ్స్) 17 శాతం చొప్పున తగ్గుతూ పోయిందని అందులో తేలింది. కారణాలు మామూలువే, ఈమెయిల్ మారిపోవడం, పాత హార్డ్ డిస్క్ ఎక్కడో ఉండిపోవడం. డేటా దాచిన ఫ్లాపీ చేతిలో ఉన్నా దాన్ని చదివే డ్రైవ్ దొరకని సందర్భాలు వేరే.

మేం చేసింది

ఈలోగా ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీ వాళ్ళు వచ్చి 'నాలెడ్జ్ పోర్టల్' డెమో ఇచ్చారు. డ్యాష్‌బోర్డు, బ్యాడ్జీలు, పాయింట్లు, లీడర్‌బోర్డు. చూడ్డానికి బాగుంది. అడిగింది ఒక్కటే, 'రాత్రి ప్రెషర్ ఎక్కుతున్న మెషిన్ ముందు నిలబడ్డ అమ్మాయి ఇందులోకి లాగిన్ అవుతుందా?' అని. వద్దనుకున్నాం. డబ్బు మిగిలింది, దాంతో చేయాల్సిన పని వేరే ఉంది.

మెషిన్లున్న డిపార్ట్‌మెంట్లలో మెషిన్‌కి ఒక పేజీ చొప్పున పెట్టాం. మామూలు వికీ పేజీ, అలంకారాలేం లేవు. మెషిన్ మీద క్యూఆర్ కోడ్ అంటించాం, ఫోన్‌తో స్కాన్ చేస్తే నేరుగా ఆ పేజీ తెరుచుకుంటుంది, క్యాంపస్ వైఫైలో ఉంటే చాలు, లాగిన్ అక్కర్లేదు. పేజీలో మొదట ఉండేది యూజర్ మాన్యువల్ కాదు, 'ఇలా అయితే ఏం చేయాలి' అన్న భాగం. దానికి సరుకు ఎక్కడిదంటే, ఆ రెండో గ్రూపులదే. గ్రూప్‌లోకి మేం చొరబడలేదు, సార్లను చొప్పించలేదు. ఒక్కో గ్రూప్ నుంచి ఒక స్కాలర్‌ని అడిగాం, వారానికోసారి పనికొచ్చే ప్రశ్న, జవాబు తీసి పేర్లు లేకుండా మాకు పంపమని, అదీ జవాబు చెప్పినవాళ్ళు సరేనంటేనే. ఎవరు అడిగారన్నది పేజీలో ఎప్పటికీ కనబడదు. ఎవరు జవాబు చెప్పారన్నది వాళ్ళిష్టం. ఈ ఒక్క నియమం వల్లే పని నడిచింది అంటాను. అడిగినవాడి పేరు పోయాక ప్రశ్నలో ఉన్న సిగ్గు కూడా పోతుంది.

ఆ జవాబు సరైందో కాదో చూసేది ల్యాబ్ టెక్నీషియన్. ఇక్కడే కాస్త రగడ అయింది. సైంటిఫిక్ సమాచారాన్ని టెక్నీషియన్ ఆమోదించడమేమిటని ఒకరిద్దరు ప్రొఫెసర్లకు నచ్చలేదు. కానీ ఆ మెషిన్ ఏ శబ్దం చేస్తే ఏ సీల్ అరిగిందో చెప్పగల మనిషి ఆ భవనంలో ఆయనొక్కరే, రిటైర్మెంట్ కూడా దగ్గర్లో ఉంది. ఆయన వెళ్ళాక ఎవర్ని అడుగుతారు సార్ అని అడిగితే ఆ అభ్యంతరం అక్కడితో ఆగింది. పోర్టల్‌కి పెట్టకుండా మిగిల్చిన డబ్బుతో ఆయన రోజువారీ పనిలో కొంత వేరే మనిషికి అప్పజెప్పి, ఈ పేజీల పని ఆయన డ్యూటీలో అధికారికంగా రాయించాం. 'వీలున్నప్పుడు చేయండి' అంటే ఎవరికీ వీలుండదు. ఆయన టైప్ చేయరు, మాట్లాడతారు, మా వాళ్ళలో ఒకరు కూర్చుని రాసుకుంటారు. మొదట్లో పొడి పొడి జవాబులు వచ్చేవి. మెషిన్ పక్కన నిలబెట్టి 'ఇప్పుడేం చేస్తున్నారు, ఎందుకు?' అని అడగడం మొదలెట్టాక ఆయనకే తెలియని తన పద్ధతులు బయటికొచ్చాయి. పంప్ పర్జ్ చేసేటప్పుడు, అంటే లోపలి గాలి బయటికి తోసేటప్పుడు, బుడగలు చూడ్డానికి గొట్టాన్ని ఒక కోణంలో వెలుతురుకి పట్టుకుంటారు, అది ఆయన ఎప్పుడూ ఎవరికీ చెప్పలేదు, చెప్పాల్సిన విషయమని కూడా అనుకోలేదు.

ప్రతి పేజీ కింద ఆయన పేరు, చివరిసారి సరిచూసిన తేదీ ఉంటాయి. ఒక స్కాలర్ తన థీసిస్ పద్ధతుల అధ్యాయంలో ఆ పేజీని ఆధారంగా చూపించింది, పేరుతో సహా. ఆయన ఆ పేజీ ప్రింట్ తీయించుకున్నారు.

రెండో పని, వెళ్ళిపోయే స్కాలర్లది. నో డ్యూస్ ఫారంలో లైబ్రరీ పుస్తకాలు, హాస్టల్ తాళాల వరసలో ఇంకో గడి చేర్చాం: ల్యాబ్ ఫైళ్ళు డిపార్ట్‌మెంట్ అకౌంట్‌కి బదిలీ అయ్యాయా, ఏ ఫోల్డర్‌లో ఏముందో చెప్పే ఒక పేజీ ఉందా. అవును, సంతకం కోసం ఉత్తుత్తి ఫైల్ పెట్టి పోయేవాళ్ళున్నారు. అయినా ఓనర్ ఎవరో తెలియని ఫోల్డర్ల గొడవ చాలావరకు తగ్గింది. డేటా బయటపెట్టదలిచిన వాళ్ళకు యూరప్ అణు పరిశోధన సంస్థ సెర్న్ నడిపే జెనోడో లాంటి ఆన్‌లైన్ భాండారంలో పెట్టించి డీఓఐ (మారని శాశ్వత గుర్తింపు సంఖ్య) ఇప్పించాం, యూనివర్సిటీ సర్వర్ ఎప్పుడైనా మారిపోయినా లింక్ చావకుండా. పబ్లిషర్ కాపీరైట్ చూసే పని లైబ్రరీయే తీసుకుంది. ఫ్యాకల్టీ మాన్యుస్క్రిప్ట్ మెయిల్ చేస్తే చాలు, మిగతాది మాది. అప్‌లోడ్లు పెరగడానికి కారణం అవగాహన పెరగడం కాదు, వాళ్ళ నెత్తిన పని తగ్గడం.

ఎక్కడ కుదరలేదు

చరిత్ర, సాహిత్యం డిపార్ట్‌మెంట్లలో ఈ పద్ధతి పనిచేయలేదు. అక్కడ మెషిన్ లేదు, క్యూఆర్ అంటించడానికి గోడ తప్ప ఏమీ లేదు. వాళ్ళ అసలు జ్ఞానం ఏ ఆర్కైవ్‌లో ఏ కట్ట అడగాలి, ఏ మూలప్రతి నమ్మదగ్గది అన్నది. వాళ్ళకు పనికొచ్చింది జొటెరోలో (పుస్తకాలు, పేపర్ల వివరాలు దాచుకునే ఉచిత సాఫ్ట్‌వేర్) ఉమ్మడి లైబ్రరీ, పుస్తకం కింద నాలుగు మాటల నోట్‌తో. అది కూడా ఒక బృందంలోనే నిలిచింది, మిగతావాళ్ళు పీడీఎఫ్‌లు మెయిల్‌లో పంపుకోవడమే హాయి అంటున్నారు.

క్లాస్ రికార్డింగ్ విషయం కూడా అనుకున్నట్టు సాగలేదు. రికార్డింగ్ ఉంటే రాలేకపోయినవాళ్ళు చూసుకుంటారు, నిజమే. అయితే ఎర్ర చుక్క వెలిగితే క్లాస్‌లో ప్రశ్నలు ఆగిపోతున్నాయి. టీచర్లు కూడా పాఠం మధ్యలో 'నాకు ఇది ఇంకా స్పష్టంగా తెలియదు' అనడం మానేశారు. చివరి పావుగంట రికార్డింగ్ ఆపేయమని చెప్పాక కొంత నయం.

ఇక చాట్‌బాట్లు. కోడ్ ఎర్రర్ వచ్చినా, గణాంక పరీక్ష ఏది వాడాలో తెలియకపోయినా ఇప్పుడు స్కాలర్లు సీనియర్‌ని అడగడం లేదు, ఏఐని అడుగుతున్నారు. మొహమాటం లేదు, అర్ధరాత్రయినా జవాబిస్తుంది. చాలాసార్లు సరైన జవాబే. కానీ మా పేజీలకు సరుకంతా అడిగిన ప్రశ్నల నుంచే వచ్చింది కదా, గ్రూప్‌లో ప్రశ్న పడకపోతే రెండోవాడికి అది సమస్య అని కూడా తెలియదు. 2022 చివర్లో చాట్‌జీపీటీ వచ్చాక ప్రోగ్రామర్లు ఒకరినొకరు ప్రశ్నలడిగే స్టాక్ ఓవర్‌ఫ్లో వెబ్‌సైట్‌లో కొత్త ప్రశ్నలు పడిపోవడం అందరూ చూసిందే, మా ల్యాబ్ గ్రూపుల్లోనూ కోడింగ్ ప్రశ్నలు అలాగే తగ్గాయి. మెషిన్ ప్రశ్నలు మాత్రం తగ్గలేదు. ఏఐకి ఆ గదిలోని మెషిన్ తెలియదు.

ఇప్పుడు మా ముందున్నది ఒక చిన్న తగువు. పాత హెచ్‌పీఎల్‌సీ తీసేసి కొత్త మోడల్ తెస్తున్నారు. పాత పేజీ తొలగించేయమని ఐటీ విభాగం అడుగుతోంది, చెల్లని సమాచారం అని. ఆ మెషిన్ మీద వచ్చిన డేటాతో రాసిన థీసిస్‌లు రిపాజిటరీలో ఉన్నాయి, ఆ సంఖ్యలు ఎలా వచ్చాయో చెప్పే కాగితం ఇదొక్కటే అని మేం. పేజీని రిపాజిటరీలోకి మార్చి, ఆ థీసిస్‌లకు జతచేసి, డీఓఐ ఇవ్వాలని రాసి పంపాం. ఫైల్ కమిటీ దగ్గరుంది. కొత్త మెషిన్‌కి మాత్రం క్యూఆర్ కోడ్ ముందే ప్రింట్ అయిపోయింది.